బిల్లీ జోయెల్ ‘ద స్ట్రేంజర్’: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ పాటలు కొత్తగా వినడం మొదలుపెట్టినవాళ్ళు ‘ముందు ఏది వినమంటారు?’ అని అడిగితే చాలా ఏళ్ళుగా నేను ఈ ఒక్క ఆల్బమ్ పేరే చెబుతున్నాను. విన్నాక వాళ్ళు మళ్ళీ వచ్చి అడిగేవి కూడా ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు. వాటికి నాకు తెలిసిన జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు ఏమిటీ ఆల్బమ్?

అమెరికన్ సింగర్-సాంగ్‌రైటర్ బిల్లీ జోయెల్ అయిదో స్టూడియో ఆల్బమ్ ఇది. కొలంబియా రికార్డ్స్ 1977 సెప్టెంబరు 29న విడుదల చేసింది. తొమ్మిది పాటలు, అన్నీ కలిపి 42 నిమిషాల పైచిలుకు. పాటలన్నీ ఆయనే రాశాడు, ఆయనే బాణీలు కట్టాడు, పియానో ముందు కూర్చుని ఆయనే పాడాడు. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్ళు.

సింగర్-సాంగ్‌రైటర్ అంటున్నారు. మామూలు గాయకుడికీ ఆయనకూ తేడా ఏమిటి?

మన సినిమా పాటకు సాహిత్యం ఒకరిది, బాణీ ఇంకొకరిది, గొంతు మరొకరిది. ఆ అలవాటుతో చూస్తే ఇది కొత్తగా అనిపిస్తుంది. కానీ దీనికి మన దగ్గర ఎప్పటి నుంచో మాట ఉంది: వాగ్గేయకారుడు. వాక్కూ తనదే, గేయమూ తనదే. అన్నమయ్య, త్యాగయ్య, రామదాసు అందరూ ఆ కోవలోనివాళ్ళే. వాళ్ళది భక్తి, జోయెల్‌ది వీధి చివర కొట్టు, ఇంటి అప్పు, పెళ్ళి, విడాకులు. వస్తువు వేరు. కానీ చెప్పదలుచుకున్న మాటకు బాణీని కూడా తానే వెతుక్కోవడంలో ఉన్న బిగువు మాత్రం ఒకటే. ఈ ఆల్బమ్‌లో ఎన్నోచోట్ల మాట, రాగం ఒకే ఊపిరిలో పుట్టినట్టు వినిపిస్తాయి.

ఇది రాకముందు ఆయన ఎవరికీ తెలియదా?

తెలుసు, కానీ ఒక్క పాటతో. ఆ కథ కొంచెం పొడుగు.

జోయెల్ 1949 మే 9న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టాడు. పెరిగింది లాంగ్ ఐలాండ్‌లోని హిక్స్‌విల్ అనే ఊళ్ళో. మొదటి ఆల్బమ్ ‘కోల్డ్ స్ప్రింగ్ హార్బర్’ 1971లో వచ్చింది. రికార్డు అచ్చుకు వెళ్ళేముందు చివరి టేపు తయారుచేసే మాస్టరింగ్‌లో జరిగిన పొరపాటు వల్ల టేపు ఉండాల్సినదానికంటే వేగంగా తిరిగింది. దాంతో ఆయన గొంతు సన్నగా, అర్భకంగా మారిపోయింది. మొదటి సంతానం చేతికొచ్చేసరికి గొంతు మారిపోయి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సంతకం పెట్టిన ఒప్పందం కూడా మెడకు చుట్టుకుంది. దాన్నుంచి తప్పించుకోవడానికి లాస్ ఏంజెలెస్ వెళ్ళి, ఒక బార్‌లో బిల్ మార్టిన్ అనే పేరుతో పియానో వాయించుకుంటూ బతికాడు. ఆ అనుభవంలోంచే ‘పియానో మ్యాన్’ పుట్టింది. 1973లో కొలంబియా కంపెనీ తరఫున వచ్చిన ఆ పాట అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో 25వ స్థానం దాకా వెళ్ళింది.

తర్వాత మళ్ళీ జారుడే. 1974లో ‘స్ట్రీట్‌లైఫ్ సెరెనేడ్’, 1976లో ‘టర్న్‌స్టైల్స్’ వచ్చాయి. ఈ రెండోదాంట్లో ‘న్యూయార్క్ స్టేట్ ఆఫ్ మైండ్’ లాంటి పాటలున్నాయి. అయినా ఆల్బమ్ 122వ స్థానం దాటలేదు. అంటే 1977 నాటికి జోయెల్ మంచి పాటలున్నవాడు, కచేరీల్లో జనాన్ని లేపగలిగినవాడు. రికార్డులు మాత్రం అమ్ముడుపోవు. ఇంకొక్కటి పోతే కంపెనీ ఎంతకాలం భరిస్తుంది?

మరి ఈసారి ఏం మారింది?

నేను ఈ ఆల్బమ్ గురించి ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే. ఆయన పాటలు రాసే తీరు రాత్రికి రాత్రి మారలేదు. తనతో ఊరూరా తిరిగి వాయించిన కుర్రాళ్ళను స్టూడియోలోకి తెచ్చుకున్నాడు, వాళ్ళను వాళ్ళలాగే వాయించనిచ్చిన పెద్దమనిషి దొరికాడు.

ఆ రోజుల్లో కంపెనీలకు ఒక పద్ధతి ఉండేది. రోడ్డు మీద వాయించే బ్యాండ్ వేరు, రికార్డింగుకు పిలిచే సెషన్ వాద్యకారులు వేరు. సెషన్ వాళ్ళు తప్పు చేయరు, టైముకు వస్తారు, కాగితం చూసి వాయించి వెళ్ళిపోతారు. జోయెల్ ముందు ఆల్బమ్‌లు చాలావరకు అలా తయారైనవే. ‘టర్న్‌స్టైల్స్’ కూడా మొదట పేరున్న బయటి వాద్యకారులతోనే మొదలైంది. ఆ రికార్డింగ్ ఆయనకు నచ్చలేదు. మొత్తం పక్కన పడేసి, లాంగ్ ఐలాండ్ తిరిగొచ్చి, సొంత బ్యాండ్‌తో మళ్ళీ చేశాడు. ఆ ధైర్యం సరైనదే, కానీ ప్రొడక్షన్ తానే చూసుకోవడంతో శబ్దం అనుకున్నంత తేరుకోలేదు. ‘ద స్ట్రేంజర్’తో ఆ లోటు తీరింది.

బీటిల్స్ ప్రొడ్యూసర్‌నే కాదన్నాడని విన్నాను. నిజమేనా?

నిజమే. బీటిల్స్ ఆల్బమ్‌లు చేసిన జార్జ్ మార్టిన్ ఈ ఆల్బమ్ చేయడానికి ముందుకొచ్చాడు. బీటిల్స్ అంటే ప్రాణం పెట్టే జోయెల్‌కు అంతకంటే ఏం కావాలి? కానీ మార్టిన్ ఒక షరతు పెట్టాడు: జోయెల్‌తో పనిచేస్తాను, ఆయన బ్యాండ్‌తో కాదు, సెషన్ వాద్యకారులు కావాలి అని. జోయెల్ వద్దనుకున్నాడు. ఆల్బమ్ విజయం సాధించాక మార్టిన్ తాను పొరబడ్డానని ఒప్పుకుంటూ ఆయనకు ఉత్తరం రాశాడు. నాకు ఈ ఇద్దరి మీదా గౌరవం పెరిగింది ఇక్కడే. చేతికందిన కలను స్నేహితుల కోసం వదులుకోవడం ఒకటైతే, అంత పెద్దాయన తప్పును కాగితం మీద పెట్టి పంపడం ఇంకొకటి.

చివరికి ప్రొడ్యూసర్ ఎవరు? ఆయన డబ్బు పెట్టాడా?

మనకు ప్రొడ్యూసర్ అంటే నిర్మాత, అంటే డబ్బు పెట్టేవాడు. రికార్డుల లోకంలో అర్థం వేరు. ఏ పాట ఉంచాలి, ఏ దరువు నప్పుతుంది, ఏ టేక్ బాగుంది, మైకు ఎక్కడ పెట్టాలి లాంటివన్నీ చూసుకుంటూ రికార్డింగును నడిపించేవాడే ప్రొడ్యూసర్. సినిమాలో దర్శకుడి పని అనుకుంటే దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ ఆ పని చేసింది ఫిల్ రమోన్. చిన్నప్పుడే వయొలిన్ వాయించి పేరు తెచ్చుకున్న మనిషి, తర్వాత సౌండ్ ఇంజినీర్ అయ్యాడు. పాల్ సైమన్‌తో చేసిన ‘స్టిల్ క్రేజీ ఆఫ్టర్ ఆల్ దీస్ ఇయర్స్’ అప్పటికే ఆయనకు గ్రామీ సంగీత అవార్డు తెచ్చిపెట్టింది. 1977 జూన్‌లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో జోయెల్ కచేరీ చూశాడు. బ్యాండ్‌ను మార్చమనలేదు. వాళ్ళు వేదిక మీద ఎలా వాయిస్తారో అలాగే వాయించాలన్నాడు. ఆ జూలై, ఆగస్టుల్లోనే ఏ అండ్ ఆర్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. స్టూడియో పేరులోని ఆ రెండు అక్షరాలు దాని స్థాపకులు ఆర్నాల్డ్, రమోన్‌లవే. అంటే రమోన్‌కు అది సొంతింటి లాంటిది. గోడ ఏ మూల ఎలా పలుకుతుందో తెలిసిన చోటు.

బ్యాండ్‌లో ఎవరెవరున్నారు?

డ్రమ్స్ మీద లిబర్టీ డెవిటో, బేస్ గిటార్ డగ్ స్టెగ్‌మేయర్, సాక్సఫోన్ రిచీ కనాటా. ముగ్గురూ లాంగ్ ఐలాండ్ నేపథ్యం నుంచి వచ్చినవాళ్ళే. గిటార్ భాగాలకు మాత్రం స్టీవ్ ఖాన్, హైరమ్ బులక్, హ్యూ మెక్‌క్రాకెన్ లాంటి బయటి వాద్యకారులను పిలిచారు. కాబట్టి ‘మొత్తం సొంత బ్యాండే’ అనడం సరికాదు. కానీ పాటకు వెన్నెముకైన డ్రమ్స్, బేస్, పియానో మూడూ కలిసి ఒకే గదిలో ఊపిరి పీల్చాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘ఓన్లీ ద గుడ్ డై యంగ్’ వినండి. డ్రమ్స్, పియానో ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తే తీరు కాగితం చూసి వాయిస్తే రాదు.

‘ద స్ట్రేంజర్’ పాట మొదట్లో ఆ ఈల ఎవరిది?

బిల్లీ జోయెల్‌దే. పాట మొదలు కోసం ఆయన దగ్గర ఒక చిన్న రాగం ఉంది, దాన్ని ఏ వాద్యంతో పలికించాలో తెలియలేదు. రమోన్‌కు ఈల వేసి వినిపించి, దీనికి ఏం వాద్యం పెడదాం అని అడిగాడు. ఇంక వెతకక్కర్లేదు, నువ్వు వేసిన ఈలే పాటకు మొదలు అన్నాడు రమోన్.

ఈలపాట రఘురామయ్యగారిని తలచుకునే జాతి మనది. ఈల పద్యానికి పనికొస్తుందని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఈల మాత్రం వేరు. అర్ధరాత్రి ఖాళీ వీధిలో ఒంటరిగా నడిచిపోయేవాడిది. అడుగున పియానో మెల్లగా, అక్కడక్కడా తడబడినట్టు నడుస్తుంది. ఒక నిమిషం పైన అలా సాగి, ఒక్క దెబ్బతో డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ మీద పడతాయి. మనలో ప్రతివాడూ దాచుకున్న ఇంకో ముఖం గురించిన పాట అది. ఒంటరిగా ఉన్నప్పటి ముఖం ఈలలో ఉంది, నలుగురిలో వేసుకునే ముఖం ఆ గిటార్‌లో ఉంది. మాటలు మొదలయ్యేలోపే పాట సగం చెప్పేసింది. ఆల్బమ్ చివర అదే ఈల మళ్ళీ వస్తుంది, అప్పటికి మనం తొమ్మిది పాటలు విని ఉంటాం కాబట్టి ఇంకోలా తగులుతుంది.

జపాన్‌లో ఈ పాట సింగిల్‌గా, అంటే విడి పాటగా కూడా విడుదలై బాగా ఆడింది.

‘జస్ట్ ద వే యూ ఆర్’ను ఆయనే తీసేద్దామనుకున్నాడట, ఎందుకు?

మరీ మెత్తగా ఉందనిపించింది. అప్పటి భార్య ఎలిజబెత్ పుట్టినరోజుకు రాసిచ్చిన పాట అది. రాగం కలలో వచ్చిందని ఆయనే చెప్పాడు. బ్యాండ్‌కు కూడా పెద్దగా రుచించలేదు. డెవిటోకైతే రాక్ డ్రమ్మర్ వాయించే పాట ఇదా అని కోపం. ఆ సమయంలో గాయనులు లిండా రాన్‌స్టాట్, ఫీబీ స్నో స్టూడియోకు వచ్చారు. పాట విని, దీన్ని వదిలేస్తే ఎలా, ఉంచి తీరాలన్నారు. ఉంచారు.

రమోన్ ఈ పాటలో చేసిన పని దగ్గరగా చూడదగ్గది. దరువును లాటిన్ వాసన వచ్చేలా మలిచాడు, అందుకే నెమ్మదిగా ఉన్నా పాట నిద్రపోదు. జోయెల్ మామూలు పియానో వదిలి రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో వాయించాడు, అది గాజు గ్లాసు మీద చెంచాతో తట్టినట్టు గుండ్రంగా మోగుతుంది. వెనక పొగమంచులా పరుచుకునే గొంతులు విన్నారా? అది బృందగానం కాదు. పాడిన స్వరాలను టేపు చుట్టలుగా చేసి, అవే తిరిగి తిరిగి మోగేలా వాడారు. టెన్ సీసీ అనే బ్రిటిష్ బృందం తమ ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’లో వాడిన ఉపాయం అది. ఇక మధ్యలో వచ్చే సాక్సఫోన్ జాజ్ వాద్యకారుడు ఫిల్ వుడ్స్‌ది. ఆయన వాయించింది కాసేపే. ఆ పాటంటే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ కాసేపే.

1978 ఫిబ్రవరిలో ఈ పాట బిల్‌బోర్డ్ హాట్ 100లో 3వ స్థానానికి చేరింది. 1979 గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ద ఇయర్, సాంగ్ ఆఫ్ ద ఇయర్ రెండూ దీనికే వచ్చాయి. బ్యారీ వైట్ పాడాడు, ఫ్రాంక్ సినాట్రా పాడాడు. జోయెల్, ఎలిజబెత్ 1982లో విడిపోయారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు కచేరీల్లో జోయెల్ ఆ పాట జోలికి పెద్దగా వెళ్ళలేదు.

‘మూవిన్ అవుట్’ పాటలో ఆ ‘యాక్-యాక్-యాక్’ ఏమిటి?

క్యాడిలాక్ కారు పేరులోని చివరి శబ్దాన్ని సాగదీసి నత్తినత్తిగా పలకడం. అదే శబ్దం అంతకుముందే హార్ట్ ఎటాక్ అన్నచోటా వస్తుంది. షెవీ కారు అమ్మి క్యాడిలాక్ కొనుక్కోవడానికి నడుము విరిగేలా పనిచేసేవాడికి చివరికి దక్కేది గుండెపోటే అని ఆ ఒక్క ప్రాసలో చెప్పేశాడు. కిరాణా కొట్లో పనిచేసే ఆంథొనీ, రెండో ఉద్యోగం కూడా చేసే పోలీసు సార్జెంటు, న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో ఇల్లు... ఈ డబ్బుతో నీకు దొరికేది ఇదేనా అని పాట నిలదీస్తుంది. న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటూ ఇంటి లోను కడుతున్న మనవాళ్ళు చాలామంది. హ్యాకెన్‌సాక్ పేరు వినగానే వాళ్ళ ముఖాల్లో వచ్చే నవ్వు నేను చూశాను. పాట రెండోసారి వినేటప్పుడు ఆ నవ్వు ఉండదు.

ఈ పాటకు ఒక ముచ్చట ఉంది. జోయెల్ మొదట పూర్తిగా రాసుకుని డెవిటోకు పాడి వినిపించాడు. ఇది నీల్ సెడాకా ‘లాఫ్టర్ ఇన్ ద రెయిన్’ బాణీ కదా అన్నాడు డెవిటో. జోయెల్‌కు తెలియకుండానే ఎక్కడో విన్న రాగం చేతిలోకి వచ్చేసింది. మాటలు అలాగే ఉంచి బాణీ మళ్ళీ కొత్తగా కట్టాడు. మొహమాటం లేకుండా చెప్పే తోటివాడు పక్కన ఉంటే ఎంత మేలో చూడండి. అద్దెకు వచ్చిన డ్రమ్మరైతే ఆ మాట అనేవాడా?

చివర్లో కారు స్టార్టయి దూసుకుపోయే చప్పుడు బేసిస్ట్ స్టెగ్‌మేయర్ కార్వెట్ కారుది.

అంత పొడుగు పాట, ‘సీన్స్ ఫ్రమ్ యాన్ ఇటాలియన్ రెస్టారెంట్’, ఎందుకంత గొప్ప అంటారు?

ఏడున్నర నిమిషాల పాట. సింగిల్‌గా ఎప్పుడూ రాలేదు. అయినా జోయెల్ అభిమానుల్లో నూటికి సగం మంది ఇదే తమ పాట అంటారేమో, నేనైతే తప్పకుండా ఆ సగంలోనే ఉంటాను.

ఇది నిజానికి మూడు విడి పాటల కుట్టు. బీటిల్స్ ‘ఆబీ రోడ్’ ఆల్బమ్ రెండో వైపున సగం సగం పాటలను కలిపి కుట్టిన పద్ధతి జోయెల్‌కు దారి చూపింది. మొదటి ముక్క ఇద్దరు పాత స్నేహితులు చాలాకాలానికి కలిసి, తమకు అలవాటైన ఇటాలియన్ హోటల్లో బల్ల దగ్గర కూర్చోవడం. తెల్ల వైనా, ఎర్ర వైనా అని వెయిటర్ అడిగే మామూలు మాటే మొదటి వాక్యమైంది. కార్నెగీ హాల్ ఎదురుగా ఉన్న ఒక రెస్టారెంట్‌లో అలా అడగ్గా విన్నదే అది. అకార్డియన్ మెల్లగా పలుకుతుంది. తర్వాత మీరెలా ఉన్నారంటే ఎలా ఉన్నారు అన్న కబుర్లు. ఉద్యోగం బాగుంది, ఆఫీసు బాగుంది, కొత్త భార్య, కొత్త జీవితం. అప్పుడు పాత రోజులు గుర్తొస్తాయి, క్లారినెట్‌తో న్యూ ఆర్లియన్స్ పాతకాలపు జాజ్ ఊపు వస్తుంది. అక్కడి నుంచి పియానో ఒక్కసారిగా పరుగందుకుని, బ్రెండా, ఎడ్డీల కథలోకి దూకుతుంది.

ఊళ్ళో అందరికంటే చూడముచ్చటైన జంట. 1975 వేసవిలో పెళ్ళి. మెత్తటి కార్పెట్, సియర్స్ స్టోర్‌లో కొన్న రెండు పెయింటింగులు, కూడబెట్టిన డబ్బుతో పెద్ద వాటర్ బెడ్. ఆ తర్వాత డబ్బు కరువై, గొడవలై, విడాకులు. ఈ కథ మొత్తం నడిచేది మహా హుషారైన దరువు మీద. ఏడుపుగొట్టు రాగం పెట్టలేదు. ఎందుకంటే చెబుతున్నది బ్రెండా కాదు, ఎడ్డీ కాదు, హోటల్లో కూర్చున్న స్నేహితుడు. ఊళ్ళోవాళ్ళ కాపురం గురించి మనం టీ తాగుతూ చెప్పుకుంటామే, ఆ గొంతు అది. జాలి ఉంటుంది, కబురు చెప్పే ఉత్సాహమూ ఉంటుంది. సియర్స్ పెయింటింగుల దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. కొత్త కాపురం పెట్టినవాళ్ళు గోడకు ఏం తగిలించారో చెబితే వాళ్ళ గురించి ఇంకేం చెప్పాలి? మనకైతే ఆ చోట పెళ్ళిలో వచ్చిన గోడ గడియారమో, షోకేసులో బొమ్మో ఉంటుంది.

కథ అయిపోయాక వాద్యాలు నెమ్మదించి మళ్ళీ ఆ బల్ల దగ్గరకే తీసుకొస్తాయి. అదే వైను, అదే హోటల్. ఇంతలో ఎన్నేళ్ళు గడిచాయో మనకే తెలుస్తుంది.

‘వియన్నా’ నగరం గురించి పాటా?

నగరం పేరే, కానీ నగరం గురించి కాదు. జోయెల్ తండ్రి హోవార్డ్ జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. వస్త్ర వ్యాపారం చేసుకునే ఆ కుటుంబం నాజీల చేతుల్లో ఆస్తి పోగొట్టుకుని పారిపోయింది. బిల్లీ చిన్నతనంలోనే తండ్రి ఇల్లు విడిచి యూరప్ వెళ్ళిపోయాడు. కొడుకు పెద్దయ్యాక వెతికి పట్టుకుంటే ఆయన వియన్నాలో ఉన్నాడు.

అక్కడికి వెళ్ళినప్పుడు వీధి ఊడుస్తున్న ముసలావిడ కనిపించింది. ఇంత వయసులో ఈమెకు ఈ పనేమిటి అని జోయెల్ నొచ్చుకున్నాడు. ఆమెకు పనుంది, తన అవసరం ఇంకా ఉందన్న తృప్తి ఉంది అన్నాడు తండ్రి. ముసలివాళ్ళను మూలకు నెట్టని ఊరు అది. అందుకే పాటలో వియన్నా అంటే వయసు. అది ఎక్కడికీ పోదు, నీకోసం ఎదురుచూస్తుంది, అంత పరుగెందుకు అని కుర్రాడికి చెప్పే పాట.

రెండున్నర దశాబ్దాల తర్వాత 2004లో ‘థర్టీన్ గోయింగ్ ఆన్ థర్టీ’ సినిమాలో వాడాక మళ్ళీ కొత్త తరానికి చేరింది. ర్యాంకుల కోసం, ప్యాకేజీల కోసం పరిగెత్తే మన పిల్లలకు నేను మొదట వినిపించేది ఇదే. తండ్రి విడిచి వెళ్ళిన కొడుకు, ఆ తండ్రి నోటి నుంచే విన్న మంచి మాటను పాటగా కట్టాడన్నది తెలిస్తే అకార్డియన్ వచ్చే చోట గొంతు పట్టేస్తుంది.

ఒక పాటను నిషేధించారట?

‘ఓన్లీ ద గుడ్ డై యంగ్’. మతనిష్ఠగా పెరిగిన కాథలిక్ అమ్మాయిని ప్రేమలోకి లాగడానికి ఒక కుర్రాడు చేసే వాదన అది. న్యూజెర్సీలో కాథలిక్ విద్యాసంస్థ సీటన్ హాల్ రేడియో స్టేషన్ దాన్ని వేయబోమంది. వద్దన్నకొద్దీ పిల్లలు ఎగబడి కొన్నారని జోయెల్ చెప్పేవాడు. పాట 24వ స్థానం దాకా వెళ్ళింది. మొదట దీన్ని జమైకా వాళ్ళ రెగే దరువులో అనుకున్నాడు జోయెల్, డెవిటో ససేమిరా అనడంతో ఇప్పుడు మనం వినే పరుగు వచ్చింది. మళ్ళీ డెవిటోనే, గమనించారా?

‘షీ ఈజ్ ఆల్వేజ్ ఎ ఉమన్’ ఆడవాళ్ళను కించపరిచే పాటా?

పైపైన వింటే అలా అనిపించొచ్చు. అబద్ధాలాడుతుంది, గాయం చేస్తుంది అని జాబితా చదువుతున్నట్టు ఉంటుంది. ఎలిజబెత్ అప్పట్లో ఆయన మేనేజర్ కూడా. బేరాల్లో గట్టిగా నిలబడేది. మగవాడు చేస్తే చాకచక్యం అనే పనికి ఆమెను నిందించేవారు. వాళ్ళకు జవాబుగా రాసిన పాట ఇది. నాకైతే మెచ్చుకోలుగానే వినిపిస్తుంది, కొన్ని మాటలు ఈ కాలానికి కరుగ్గా ఉన్నాయన్నదీ ఒప్పుకుంటాను.

మిగిలిన రెండు పాటలు?

‘గెట్ ఇట్ రైట్ ద ఫస్ట్ టైమ్’ సరదా పాట, వాయింపు బాగుంటుంది, అంతే. ‘ఎవ్రీబడీ హాజ్ ఎ డ్రీమ్’ చర్చి పాటల ఛాయలో సాగే ముగింపు. దాని చివరే ఈల తిరిగి వస్తుంది.

కవర్ మీద ఆ ముసుగు, బాక్సింగ్ గ్లవ్స్ ఎందుకు?

సూటు వేసుకుని, చెప్పుల్లేకుండా మంచం మీద కూర్చున్న జోయెల్, దిండు మీద పెట్టిన ముసుగును చూస్తుంటాడు. టైటిల్ పాటలోని దాచుకున్న ముఖమే ఆ ముసుగు. గోడకు వేలాడే గ్లవ్స్ ఆయన గతం, కుర్రతనంలో ఆయన అమెచ్యూర్ బాక్సర్. వెనక కవర్ నాకు ఇంకా ఇష్టం. అందులో ఆయన ఒంటరిగా లేడు, రెస్టారెంట్ బల్ల చుట్టూ బ్యాండ్, రమోన్ అందరూ ఉన్నారు.

ఎంత ఆడింది?

అమెరికా ఆల్బమ్ జాబితాలో 2వ స్థానంలో ఆరు వారాలుంది. మొదటి స్థానం అందకపోవడానికి కారణం ‘సాటర్డే నైట్ ఫీవర్’ సౌండ్‌ట్రాక్. 1978లో నెలల తరబడి అది కదల్లేదు. అయినా నాలుగు పాటలు తొలి పాతికలోకి వచ్చాయి. సైమన్ అండ్ గార్ఫంకెల్ ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ను దాటి కొలంబియా కంపెనీ చరిత్రలోనే అప్పటికి అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్ అయింది. ఒక్క అమెరికాలోనే కోటి కాపీలు దాటింది. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దీనిది 67వ స్థానం, 2020 జాబితాలో 169.

ఎలా వింటే బాగుంటుంది?

వరస మార్చకుండా, మొదటి నుంచి చివరి దాకా. నేను మొదటిసారి విన్నది కోఠీలో ఒక రికార్డింగ్ షాపులో ఎక్కించుకున్న 90 నిమిషాల క్యాసెట్‌లో. ఒక వైపు 45 నిమిషాలు, ఆల్బమ్ మొత్తం అందులో సరిగ్గా సరిపోయింది. పాట దాటించాలంటే టేపు తిప్పి వెతుక్కోవాలి, ఆ తిప్పలు పడలేక వరసగా విన్నాను. దానివల్లే మొదటి ఈలకు, చివరి ఈలకు ఉన్న చుట్టరికం తెలిసింది. ఫోన్లో షఫుల్ పెడితే అది పోతుంది. రికార్డులో అయితే నాలుగో పాట ‘సీన్స్’తో మొదటి వైపు అయిపోతుంది, తిప్పి వేస్తే ‘వియన్నా’. మధ్యలో ఆ కాస్త విరామం కూడా మంచిదే.

ఇప్పుడు పాడుతున్నాడా?

పాప్ పాటల ఆల్బమ్‌లు చేయడం 1993తోనే మానేశాడు. కచేరీలు మానలేదు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 2014 నుంచి 2024 జూలై దాకా నెలకొకటి చొప్పున పెట్టిన కచేరీల పరంపర అక్కడ తన 150వ కచేరీతో ముగించాడు. 2024లో ‘టర్న్ ద లైట్స్ బ్యాక్ ఆన్’ అనే కొత్త పాట వచ్చింది. 2025 మేలో మెదడుకు సంబంధించిన నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్ అనే జబ్బు బయటపడి, ఒప్పుకున్న కచేరీలన్నీ రద్దు చేసుకున్నాడు.

ఆ బ్యాండ్ ఏమైంది?

ఈ ప్రశ్న చాలా తక్కువమంది అడుగుతారు. అందరూ అడగాలని నా కోరిక.

కనాటా 1980ల మొదట్లో తప్పుకున్నాడు. స్టెగ్‌మేయర్‌ను 1980ల చివర్లో పక్కన పెట్టారు. 1995లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. డెవిటో 2000ల దాకా ఉన్నాడు. ఆ తర్వాత రాయల్టీలు అందలేదంటూ 2009లో జోయెల్ మీద కేసు వేశాడు, 2010లో అది కోర్టు బయట పరిష్కారమైంది. జార్జ్ మార్టిన్ అంతటివాణ్ణి కాదని నిలబెట్టుకున్న స్నేహం అలా కోర్టు మెట్లెక్కడం చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. తర్వాత కొన్నేళ్ళకు ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు.

2014లో లాంగ్ ఐలాండ్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ డెవిటో, కనాటా, గిటారిస్ట్ రస్సెల్ జేవర్స్‌లతో పాటు మరణానంతరం స్టెగ్‌మేయర్‌నూ సత్కరించింది. మిగిలిన ముగ్గురూ కలిసి లార్డ్స్ ఆఫ్ ఫిఫ్టీ సెకండ్ స్ట్రీట్ అనే బృందంగా ఆ పాటలు మళ్ళీ వేదిక మీద వాయించారు. మీరు ఈసారి ‘మూవిన్ అవుట్’ విన్నప్పుడు పాట అయిపోయిందని ఆపేయకండి. చివర్లో దూసుకుపోయే ఆ కారు డగ్ స్టెగ్‌మేయర్‌ది.